బడి తెరిచే ముందు, అమ్మలూ

అమ్మలూ,

టెక్సస్‌లోని ప్లేనోలో మీ గుడి వెనక హాలు తీసుకుని, లాటిన్, తర్కం, యూక్లిడ్ రేఖాగణితం చెప్పే చిన్న కతోలిక బడి పెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంటి పిల్లకి ఇంత ధైర్యం ఎక్కడిదా అని మురిసిపోయాను. మొదటి ఏడాది నువ్వు జీతం తీసుకోవని విన్నాక మాత్రం కోపం వచ్చింది. ఆ తిట్లు తర్వాత. ముందు పని మాటలు.

మేత్రాణుల (బిషప్) గారి ఉత్తరం చేతికి రాకుండా "కతోలిక బడి" అని ఎక్కడా రాయించకు. శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం 803వ సూత్రం ప్రకారం, అధికారి సమ్మతి లేకుండా ఏ బడీ ఆ పేరు పెట్టుకోకూడదు. విచారణ గురువు (మీ గుడి ఫాదర్) తలూపితే సరిపోదు. పన్ను మినహాయింపుకు కేంద్ర పన్ను శాఖకు ఫారం 1023 వేయాలి. ఒకవేళ మేత్రాసనం (బిషప్ గారి పాలనా విభాగం) తన సంస్థల జాబితాలో చేర్చుకుంటే అమెరికా మేత్రాణుల సమాఖ్యకున్న సామూహిక మినహాయింపే వర్తిస్తుంది, కాబట్టి ముందు అక్కడ అడుగు. జాతి వివక్ష చూపబోమని రాసుకున్న విధానాన్ని జనానికి ప్రకటించాలి. టెక్సస్‌లో ప్రైవేటు బడికి రాష్ట్రం లైసెన్సు అడగదు, మంచి పౌరసత్వం ఒక పాఠంగా ఉండాలంటుంది, అంతే. పిల్లల దగ్గరికి వచ్చే ప్రతి పెద్ద మనిషికీ, వంటింట్లో సాయానికొచ్చే అమ్మలతో సహా, నేపథ్య తనిఖీ చేయించు. మొహమాటపడకు.

హాలు సంగతి మాత్రం ఆషామాషీగా తీసుకోవద్దు. ఆదివారం సత్యోపదేశం (మత పాఠాలు) చెప్పుకునే గది వేరు, వారం పొడుగునా బడి నడిపే గది వేరు. భవన నియమావళి లెక్కలో అవి రెండు రకాల వాడకాలు. ఊరి పురపాలక కార్యాలయం నుంచి బడి కింద వాడుకునే పత్రం తెచ్చుకో. తరగతి గదిలో మనిషికి 20 చదరపు అడుగులు లెక్కేస్తారు. గోడల మధ్య 400 చదరపు అడుగులున్నా బీరువాలు, అల్మారాలు పోతే 20 మంది పట్టరు. 49 మందికి మించి కూర్చునే గదికి రెండో దారి ఉండాలి. ఎంతమంది ఉన్నా, ఒకే తలుపున్న గదిలో పసిపిల్లల్ని కూర్చోబెట్టావంటే నాకు మనసు స్థిమితంగా ఉండదు. చిన్న తరగతులు కింది అంతస్తులోనే పెట్టు.

ఇక డబ్బు. 30 మంది పిల్లలు, తలా 8,000 డాలర్లు అనుకో, 2,40,000. అన్నదమ్ములకు తగ్గింపు, లేనివాళ్లకు సాయం కింద 15 శాతం పోతే 2,04,000. నలుగురు టీచర్లకు 42,000 చొప్పున 1,68,000. దాని మీద యజమాని కట్టే 7.65 శాతం పన్ను దాదాపు 12,850. మిగిలింది 23 వేలు. అందులో అద్దె, బీమా, ఏసీ బిల్లు, పుస్తకాలు. నువ్వు జీతం మానేస్తే ఈ లెక్క బాగున్నట్టు కనబడుతుంది, అదే ప్రమాదం. రెండో ఏడాది నువ్వు అలసిపోయి తప్పుకుంటే నీ స్థానంలోకి వచ్చేవాళ్లకు జీతమివ్వడానికి ఫీజు ఒక్కసారిగా పెంచాలి, తల్లిదండ్రులు వెళ్లిపోతారు. ఎంత తక్కువైనా సరే, నీ జీతం మొదటి రోజు నుంచే లెక్కలో రాయి. కావాలంటే తీసుకున్నాక విరాళంగా తిరిగివ్వు. నీ ఒళ్లు హూనం చేసుకుంటే దేవుడు సంతోషిస్తాడని ఎవరు చెప్పారు నీకు?

ఒక్కసారే ఎనిమిది తరగతులూ తెరవకు. మూడు నుంచి ఆరు దాకా మొదలుపెట్టి ఏటా ఒకటి చేర్చుకో.

ఇప్పుడు అసలు విషయం. ఇలాంటి చిన్న బళ్లలో అందరూ చేసే తప్పు ఒకటుంది, అది లాటిన్ దగ్గర జరుగుతుంది. మొదటి ఏడాది పిల్లలు చప్పట్లు కొడుతూ "ఆ, ఏ, ఏ, ఆమ్, ఆ" అని విభక్తుల పట్టిక వల్లిస్తారు. తల్లిదండ్రులు వీడియోలు తీసుకుంటారు. రెండో ఏడాది రెండో పట్టిక, మూడో ఏడాది మూడోది. అప్పుడు ఎవరైనా నాలుగు మాటల వాక్యం ఇస్తే ఒక్క పిల్లాడూ చదవలేడు.

ఎందుకంటే పట్టిక విభక్తి నుంచి ప్రత్యయం వైపు నడుస్తుంది, చదవడం దానికి ఎదురు నడక. "అగ్రికొలే" అనే మాట కంటబడితే అది "రైతు యొక్క"నా, "రైతుకు"నా, "రైతులు"నా? మూడూ అవుతాయి. పక్కనున్న మాటల్ని బట్టే తేలుతుంది. వల్లించిన పిల్లాడికి ఆ తేల్చే పని ఎవరూ నేర్పలేదు. మీ ముత్తాత గుడిలో "తాంతుమ్ ఎర్గో" అనే లాటిన్ కీర్తన మొత్తం కళ్లు మూసుకుని పాడేవాడట. అర్థమేంటి తాతా అంటే "అది ఫాదర్ గారికి తెలుసు" అనేవాడట. ఆయన భక్తికి అది చాలు. నువ్వు ఫీజు తీసుకుంటున్నావు, నీకు చాలదు.

కాబట్టి మొదటి రోజే వాక్యం పెట్టు. "పుఎల్లా అగ్రికొలామ్ విదెత్", పిల్ల రైతును చూస్తోంది. "పుఎల్లామ్ అగ్రికొలా విదెత్", పిల్లను రైతు చూస్తున్నాడు. మాటల వరుస మారలేదు, చివర "మ్" చోటు మారింది, అంతే. మన "ను" లాంటిదే. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు దీన్ని చిటికెలో పట్టుకుంటారు. ఇంగ్లీషులో పెరిగిన పిల్లలు మాత్రం వరుసనే నమ్ముకుంటారు, అందుకని మొదటి నెల వాళ్ల చేత ప్రతి వాక్యాన్నీ తిరగేసి చదివించు. పట్టిక వద్దనను. వాక్యాల్లో ప్రత్యయాలు కనబడ్డాక వల్లిస్తే నిలుస్తుంది. పరీక్షలో వల్లింపుకు నాలుగో వంతు మార్కులు మించనివ్వకు, మిగతావి ఎప్పుడూ చూడని వాక్యాలకు. వారానికి రెండు రోజులు 75 నిమిషాల కన్నా రోజూ 30 నిమిషాలు మేలు.

దీని వెనకే ఇంకో గొయ్యి ఉంది. ఏటా కొత్త పిల్లలు చేరతారు, వాళ్లకు లాటిన్ రాదు, టీచరు జాలిపడి మళ్లీ మొదటి పట్టిక నుంచి ఎత్తుకుంటుంది. మూడేళ్లుగా ఉన్న పిల్లాడు మూడోసారీ అదే వింటాడు. ఏడో తరగతికి వచ్చినా రెండో పట్టిక దాటడు. అప్పుడు "చచ్చిన భాష" అనే గొణుగుడు మొదలవుతుంది, బోర్డు లాటిన్ తీసేస్తుంది, చివరికి నీకు టై కట్టుకున్న మామూలు బడి మిగులుతుంది. దీనికి మందు టైంటేబుల్లోనే ఉంది. బడి మొత్తానికీ లాటిన్ ఒకే గంటలో పెట్టు. తరగతిని బట్టి కాకుండా వచ్చినదాన్ని బట్టి మూడు గుంపులు చెయ్. పన్నెండేళ్ల కొత్త పిల్లాణ్ణి తొమ్మిదేళ్ల వాళ్ల మధ్య కూర్చోబెడితే సిగ్గుతో ముడుచుకుపోతాడు, కాబట్టి పెద్ద వయసు కొత్తవాళ్లకు ఆ మూడింటిలో వేగంగా సాగే గుంపు ఒకటి విడిగా ఉండాలి. క్రిస్మస్ సెలవుల ముందు పరీక్ష పెట్టి గుంపులు మార్చు. నలుగురు టీచర్లలో ముగ్గురికి లాటిన్ రావాలి కదా అంటావు. అవును, రావాలి. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడే చూసుకో.

ఉచ్చారణ గుడిలోది పెట్టుకో, పిల్లలు పూజలో పాడతారు కనుక. "చేలుమ్" (ఆకాశం), "రెజీనా" (రాణి) అని. ఒక టీచరు చేలుమ్, ఇంకో టీచరు పాత రోమన్ పద్ధతిలో కైలుమ్ అంటే పిల్లలు రెండు వేరే మాటలనుకుంటారు.

మన తెలుగువాళ్లు వచ్చి లాటిన్‌తో ఏం ఉద్యోగమొస్తుందని అడుగుతారు. వాదించకు. ఎనిమిదో తరగతిలో ఆల్జీబ్రా పూర్తయితే పన్నెండులో కాల్‌క్యులస్ వస్తుందని వరుస గీసి చూపించు. ఆ మాట నిలబెట్టుకునే లెక్కల టీచరు దొరికాకే చెప్పు సుమా.

టైంటేబుల్ వేశాక నాకు ఫోటో పంపు. లాటిన్ గంట, నీ జీతం, రెండో తలుపు, ఈ మూడూ చూస్తాను. రాత్రి భోజనం మానేసి పని చేస్తున్నావని మళ్లీ వింటే విమానం ఎక్కి వస్తాను.

మరియమాత నీకు తోడుండుగాక.

నీ పెద్దమ్మ