నెట్‌లో పెట్టేసిన కథల్ని ఇక ఎవరూ వేసుకోరా? – సమాధానం

కథలన్నీ నెట్‌లో పెట్టేశాను, ఇక పుస్తకంగా ఎవరూ వేయరేమో అని బెంగపడుతున్నారు. అంత భయం అక్కర్లేదండీ. అమెరికన్ రచయిత ఆండీ వియర్ 'ది మార్షియన్' నవలని ముందు తన సైట్లోనే విడతలుగా, ఉచితంగా పెట్టాడు. 2014లో క్రౌన్ సంస్థ అచ్చు వేసింది.

చిక్కల్లా పత్రికలతోనే. సొంత బ్లాగులో పెట్టినదాన్ని కూడా చాలా పత్రికలు 'ప్రచురితం' కిందే లెక్కేస్తాయి, తర్వాత తీసేసినా సరే. పత్రికకి పంపాలనుకున్న కథని ముందు ఎక్కడా పెట్టకండి. పెట్టేసినవాటిని సంపుటికి ఉంచుకోండి. ఎక్కడ, ఎప్పుడు వచ్చాయో ప్రచురణకర్తకి దాచకుండా చెప్పండి.

నెట్ కథల్లో నాణ్యత ఉండదంటారా, అచ్చులో మాత్రం చెత్త లేదా ఏమిటి! తేడా ఎడిటర్ దగ్గరుంది. నెట్‌లో ఆ పని చేసిపెట్టేవాళ్ళు తక్కువ గనక, మొహమాటం లేని పాఠకుడెవరికైనా ముందు చదివించండి. లైకులు కొట్టే స్నేహితులకి మాత్రం వద్దు.