నా కథలో ఒక చిన్న ద్వీపదేశం నేవీకి గాలి అక్కర్లేని సబ్‌మెరైన్ పెడుతున్నా, అది నిజంగానే ఎవరికీ వినపడనంత నిశ్శబ్దంగా ఉంటుందా?

దాదాపు అలాగే ఉంటుందండీ. కానీ మీరు అనుకుంటున్నట్టు ఆ ఇంజన్ గొప్పతనం ఒక్కటే కాదు. నేను నేవీ వాణ్ని కాదు, విజయవాడ ఆటోనగర్లో ఇరవై రెండేళ్లుగా డీజిల్ జనరేటర్లు బాగుచేస్తున్నా. చప్పుడు ఎక్కడ పుడుతుంది, ఎక్కణ్ణుంచి బయటికి పోతుంది అనేదే రోజూ నా పని, అందుకే రాస్తున్నా.

ఏదైనా పెద్దాసుపత్రి వెనక్కెళ్లి చూడండి, ఒక పక్క జనరేటర్, ఇంకో పక్క కింద పైపులకి మంచు పట్టిన తెల్ల ట్యాంకు. అది లిక్విడ్ ఆక్సిజన్, 2021 కరోనా అప్పుడు అందరం దాని పేరు నేర్చుకున్నాం. ఆ రెండిటినీ ఒక ఉక్కు గొట్టంలో పెట్టి మూసేస్తే మీ సబ్‌మెరైన్ అదే. డీజిల్ మండాలంటే గాలి కావాలి. వైజాగ్ బీచ్ రోడ్డులో కుర్సురా సబ్‌మెరైన్ ఉంది చూడండి, 1969 నుంచి 2001 దాకా పనిచేసింది, మూడు డీజిల్ ఇంజన్లు, బ్యాటరీ ఛార్జింగ్ పెట్టాలంటే అది పైకి రావాలి లేదా నీళ్ల పైకి గొట్టం పెట్టాలి. దొరికిపోయేది అక్కడే, రాడార్‌కీ కనపడుతుంది, చప్పుడూ చేస్తుంది. అదే మైనస్ 183 డిగ్రీల్లో ఆక్సిజన్‌ని ద్రవంగా వెంట తీసుకెళ్తే వారాల తరబడి పైకి రానక్కర్లేదు.

స్వీడన్ వాళ్ల గోట్లాండ్ 1996లో నేవీలో చేరింది, దాంట్లో ఇలా నడిచే స్టిర్లింగ్ ఇంజన్లు రెండు, ఒక్కోటి 75 కిలోవాట్లు. ఈ లెక్క చదివినప్పుడు నేను కాసేపు అలా కూర్చుండిపోయా, ఎందుకంటే ఒక మాదిరి కళ్యాణమండపానికి పెట్టే జనరేటర్ అంతే కదా అది, దాంతో 1,500 టన్నుల బోటు నడుస్తోంది. గంటకి తొమ్మిది పది కిలోమీటర్లేలెండి, సైకిల్ కూడా దాటేస్తుంది. స్టిర్లింగ్‌లో మంట సిలిండర్ బయట ఉంటుంది, మన డీజిల్ లాగా లోపల ఢాం ఢాం అని పేలదు, సగం నిశ్శబ్దం అక్కడే వచ్చింది. మిగతా సగం గురించి మాత్రం ఎవరూ చెప్పరు.

కొన్నేళ్ల క్రితం గుంటూరు కొత్తపేటలో ఒక నర్సింగ్ హోమ్ వాళ్లు పిలిచారు. సెల్లార్లో కొత్త సైలెంట్ జనరేటర్, పక్కన నిలబడి మామూలుగా మాట్లాడుకోవచ్చు, కానీ రెండో అంతస్తులో ఆపరేషన్ అయిన పేషెంట్లు రాత్రుళ్లు మంచం గుయ్యిమంటోందని గొడవ. అమ్మినవాళ్లు రెండుసార్లొచ్చి రబ్బరు ప్యాడ్లు మార్చి బిల్లేసి పోయారు, గుయ్ అలాగే ఉంది. నేను రాత్రి కరెంటు తీయించి, జనరేటర్ వేయించి, పెద్ద స్క్రూడ్రైవర్ తీసుకుని మొన గోడకి ఆనించి పిడి చెవికి పెట్టుకుని ఒక్కో స్తంభం, ఒక్కో పైపు వింటూ పోయా. రెండున్నర దాటాక దొరికింది. సైలెన్సర్ పైపుకి ఇంజన్ దగ్గర బెల్లో, అంటే వణుకు పైకి పోకుండా ఆపే ముడతల గొట్టం, వేశారు బానే ఉంది, కానీ పైన పైపు ఊగుతోందని ఎవరో ఒక ఇనప క్లాంపుతో దాన్ని స్లాబుకి బిగించేశారు. అంతే, ఆ ఒక్క క్లాంపులోంచి ఇంజన్ వణుకంతా బిల్డింగులోకి ఎక్కుతోంది. అది కోసేసి రబ్బరు హ్యాంగర్ వేసి పైకెళ్లేసరికి ఒక పెద్దావిడ, ‘కరెంటు వచ్చిందా బాబూ, చప్పుడు ఆగిందే’ అంది. జనరేటర్ ఇంకా తిరుగుతూనే ఉందండీ అని చెప్తే నమ్మలా.

సబ్‌మెరైన్ కూడా అచ్చం ఇంతే. ఇంజన్లూ పంపులూ రబ్బరు మౌంట్ల మీద, కొన్నిటిలో అవన్నీ కలిపి ఒక ఫ్రేము మీద, ఆ ఫ్రేము మళ్లీ రబ్బరు మీద, పైపులకి మధ్యలో మెత్తటి జాయింట్లు. ఇంత చేశాక ఎవడో మర్చిపోయిన ఒక రేకుముక్క ఫ్రేముకీ బోటు గోడకీ మధ్య ఇరుక్కుంటే మొత్తం పోయినట్టే. నీళ్లలో శబ్దం సెకనుకి 1,500 మీటర్లు పోతుంది, గాలిలో కంటే నాలుగు రెట్లు పైనే. పైగా మెషీన్ చప్పుడుకి ఒక లెక్కుంటుంది, మన జనరేటర్ 1,500 ఆర్‌పీఎం అంటే సెకనుకి 25 చుట్లు. అలలకి ఆ లెక్క ఉండదు కాబట్టి సోనార్, అంటే నీళ్లలో చప్పుళ్లు పట్టే యంత్రం, దాని ముందు కూర్చున్న మనిషి తెర మీద అది సన్నటి గీతలా విడిగా కనపడుతుంది.

యూట్యూబ్‌లో ‘కనపడని రాక్షసి’ అని వీడియోలు పెట్టేవాళ్ల మీద నా కోపం ఇదే. 2005లో అమెరికా ఆ గోట్లాండ్‌ని సిబ్బందితో సహా అద్దెకి తీసుకుని రెండేళ్లు శాన్ డియాగోలో పెట్టుకుని దాన్ని వెతకడం ప్రాక్టీస్ చేసింది, ఆ సిబ్బందితో సహా అన్న ముక్క ఒక్కడూ చెప్పడు, నిశ్శబ్దం కాపాడేది ఆ మనుషులే కదా. ఇక్కడా అంతే, పది లక్షల జనరేటర్ కొంటారు, రెండు వేల రబ్బరు హ్యాంగర్ దగ్గర బేరం ఆడతారు, ఏడాదికోసారి ప్యాడ్లు చూపించమంటే ఎత్తరు ఫోను.

జర్మన్ వాళ్ల 212 రకం సబ్‌మెరైన్లో హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్ ఉంటుంది, అంటే హైడ్రోజన్‌నీ ఆక్సిజన్‌నీ కలిపి మంట లేకుండానే కరెంటు తీసేది, మన డీఆర్‌డీవో కూడా ఫ్యూయల్ సెల్ పద్ధతే పట్టుకుని 2021 మార్చిలో నేల మీద పరీక్షించింది. దాంట్లో తిరిగే భాగం లేదు, నిజమే, కానీ బోటులో పంపులుంటాయి, ఫ్యాన్లుంటాయి, వంటగదిలో గిన్నెలుంటాయి. మీ కథకి మాత్రం స్టిర్లింగే పెట్టండి, మనిషి చెయ్యి పెట్టి వినడానికి ఏదో ఒకటి ఉండాలి.

శత్రువు ఓడలో సోనార్ వాడికి ఒక సన్న గీత కనపడిందనుకోండి. బోటులో టార్పెడోల హడావుడి వద్దు. ఇంజన్ రూములో ఒక ముసలి మెకానిక్ మెత్తటి బూట్లతో పైపుల వెంట చెయ్యి రాసుకుంటూ పోతాడు, పోయిన వారం హార్బర్లో ఎవరో బిగించిన క్లాంపు దొరుకుతుంది. విప్పాల్సింది రెండు బోల్టులే, కానీ స్పానర్ జారి కింద పడితే అందరూ పోతారు, అందుకని విప్పేముందు దాన్ని తాడుతో మణికట్టుకి కట్టుకుంటాడని రాయండి.