కప్పు మీది మంచు ఎవరు తీయాలి?

ప్రశ్న: మా అమ్మాయి జపాన్‌లోని నాగవోకాలో చదువుతోంది. ఇంటి యజమాని దంపతులు డెబ్బై దాటినవాళ్లు. ఈ చలికాలం వాళ్లతో కప్పెక్కి మంచు తోస్తానంటోంది. వాలు కప్పు మీది మంచు దానంతటదే జారిపోదా? యంత్రాలు లేని రోజుల్లో ఎలా నెట్టుకొచ్చారు?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: జారుతుందని నమ్ముకోకూడదండీ. నాగవోకా ఉన్న నీగాత ప్రాంతానిది సముద్రపు తేమతో కురిసే తడిమంచు, పాత కప్పులకు అంటుకుపోతుంది. పేరుకున్న మంచు సెంటీమీటరుకు, చదరపు మీటరుకు 3 కిలోలని అక్కడ ఇళ్లు కట్టేటప్పుడు లెక్క వేస్తారు. అంటే వంద చదరపు మీటర్ల కప్పు మీద మీటరు మంచు ఉంటే 30 టన్నులు. లోపలి జరుపుడు తలుపులు బిగుసుకుంటున్నాయంటే దూలాలు వంగుతున్నట్టే.

అదే ప్రాంతంలోని తకదా ఊళ్లో 1945 ఫిబ్రవరి 26న మంచు 377 సెంటీమీటర్లకు చేరింది. ఆ రోజుల్లో ఇంటిల్లిపాదీ చెక్కపారలతో మంచును దిమ్మలుగా కోసి వీధిలోకి విసిరేవారు. వీధి చూరును మించి లేచేది. అందుకే ప్రతి ఇల్లూ ముందువైపు మన వసారాలాంటి ‘గాంగి’ కట్టుకునేది. వాటి కిందే ఊరంతా నడిచేది. ఇప్పుడు వీధిని యంత్రాలు చూసుకుంటున్నాయి. కప్పుకి మాత్రం నేటికీ మనిషే ఎక్కాలి, ఎక్కే వయసు పిల్లలేమో పట్నాల్లో ఉన్నారు. 2005-06 చలికాలంలో జపాన్‌లో మంచు వల్ల 152 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది 65 దాటినవాళ్లు, మంచు తీస్తూ పోయినవాళ్లే ఎక్కువ.

కాబట్టి మీ అమ్మాయి మొదటి ఏడాది కప్పెక్కకపోవడమే మంచిది. నిచ్చెన పట్టుకోవడం, కింద కాపలా ఉండటం కూడా పెద్ద సాయమే. చూరు కింద మాత్రం నిలబడకూడదు. ఎక్కేవాళ్లు ఇద్దరికి తగ్గకూడదు. హెల్మెట్, ఒంటికి బిగించుకునే రక్షణ పట్టీలు తప్పనిసరి. ఆ పట్టీలకు తగిలించిన తాడును ఇంటి కొప్పు మీదుగా అవతలి వైపు గట్టి ఆధారానికి కట్టాలి. జారినా చూరు దాకా రాకుండా ఆపేంత పొడవే వదలాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు: తాడు ఉంటుంది, పొడవెక్కువై మనిషి కిందికి పోతాడు. అడుగున ఇరవై సెంటీమీటర్ల మంచు ఉంచేయాలి. మొత్తం గీకితే కాలికి పట్టు దొరకదు, కప్పూ దెబ్బతింటుంది. ఒకవైపే ఖాళీ చేస్తే బరువు ఒరిగిపోతుంది, రెండువైపులా మార్చి మార్చి తీయాలి. బాగా కురిశాక ఎండ కాసిన రోజు అసలు ఎక్కొద్దు. అడుగున నీరూరి, మంచంతా పలకలా మనిషితో సహా జారుతుంది.

ప్రశ్న: అక్కడ రోడ్డు మధ్యలోంచి నీళ్లు చిమ్ముతాయట. గడ్డకట్టవా?

జవాబు: అవి సుమారు 13 డిగ్రీల భూగర్భజలాలు. నాగవోకాలో చలి సున్నా చుట్టుపక్కలే ఉంటుంది కాబట్టి మంచు కరిగి కాలువలో పడుతుంది. అంతకన్నా చలి ఎక్కువైన ఉత్తరపు దీవి హొక్కైదోలో అయితే ఆ నీళ్లే గడ్డకట్టి రోడ్డు అద్దమవుతుంది. 1960ల మొదట్లో నాగవోకాలో మొదలైన ఈ పద్ధతి 1963 నాటి భారీ మంచులో బాగా అక్కరకొచ్చింది. తర్వాత అందరూ తోడేసరికి కొన్నిచోట్ల నేల కుంగింది. అందుకే మంచు కురిసినప్పుడే పంపు తిరిగేలా సెన్సర్లు బిగిస్తున్నారు. ఆ రోడ్ల మీద మంచు, నీరు కలిసిన బురద నిలుస్తుంది. అమ్మాయిని మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు కొనుక్కోమనండి, తోలు బూట్లు ఒక్కరోజులో నానిపోతాయి.