పాత పెట్టెలో మిగిలిన యుద్ధం: మీ ప్రశ్నలు, మా జవాబులు

రెండో ప్రపంచ యుద్ధం మన సిక్కోలు, విజయనగరం ఇళ్ళలో ఏం మిగిల్చిందని అడుగుతూ వచ్చిన ఉత్తరాల్లోంచి నాలుగింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: మాది రంగం (బర్మాలోని రంగూన్) సొమ్ముతో కట్టిన ఇల్లని మా నాయనమ్మ అంటుంది. ముత్తాతగారు 1942లో అక్కణ్ణుంచి నడిచొచ్చారట. అంత దూరం నడవడం జరిగే పనేనా? మళ్ళీ ఎందుకు వెళ్ళలేదు?
– ఒక పాఠకురాలు, టెక్కలి

జవాబు: జరిగింది. లక్షల మంది అలాగే వచ్చారు. కాకపోతే మొత్తం నడక కాదు. కొంత రైలు, కొంత పడవ, మధ్యలో కొండలు.

బారువ, కళింగపట్నం, భీమిలి రేవుల నుంచి రంగూన్‌కి స్టీమర్లుండేవి. మేస్త్రి అడ్వాన్సిచ్చి, టిక్కెట్టు కొని, ముఠాగా తీసుకెళ్ళేవాడు. బియ్యం మిల్లుల్లోనూ, రేవులోనూ చేసిన కూలిలోంచి ఆ బాకీ కోసుకునేవాడు. అది పోను మిగిలిందే మనియార్డరుగా ఊరికి చేరేది.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. 1942 మార్చి 8న నగరం జపాన్ వశమైంది. ఈ రెండు తేదీల మధ్య ఓడ దొరికినవాళ్ళు అదృష్టవంతులు. మిగిలినవాళ్ళకు దారులు మూడు. ప్రోమ్ నుంచి టాంగప్ కనుమ దాటి అరకాన్ తీరానికి, అక్కణ్ణుంచి అక్యాబ్ మీదుగా చిట్టగాంగ్‌కి చేరడం ఒకటి. మాండలే వైపు నుంచి తము, పాలేల్, ఇంఫాల్ మీదుగా దిమాపూర్ రైలు స్టేషన్‌కి వెళ్ళడం ఇంకొకటి. హుకావంగ్ లోయ, పాంగ్సౌ కనుమల గుండా అస్సాంలోని లీడో చేరడం మూడోది. వానలు పట్టుకున్నాక ఆ మూడో దారిలో బురద, జ్వరాలు, ఆకలి చాలామందిని మింగేశాయి. టాంగప్ దారిలో కలరా. మణిపూర్ వైపు తెల్లవాళ్ళకు వేరే దారి, మెరుగైన వసతులు పెట్టారని అప్పట్లోనే పెద్ద గొడవైంది. మొత్తం మీద నాలుగైదు లక్షల మంది ఇటు చేరారని అంచనా. దారిలో పోయినవాళ్ళ లెక్క సరిగ్గా ఎవరూ రాయలేదు. వేలల్లో అన్నది మాత్రం ఖాయం.

మీ ముత్తాతగారు ఏ దారిన వచ్చారో తెలుసుకోవడానికి నాయనమ్మగారిని ఊరి పేర్లు అడగండి. చిట్టగాంగ్ మాట వస్తే మొదటి దారి. మణిపూర్, దిమాపూర్ అంటే రెండోది. నెల కూడా అడగండి. ‘వానల్లో వచ్చారు’ అంటే మూడోది కావచ్చు.

తిరిగి వెళ్ళలేకపోవడానికి కారణం కాగితాలు. 1947లో బర్మా ప్రవేశాలకు అనుమతి తప్పనిసరి చేసింది. 1948లో స్వతంత్రమైంది. 1964లో సైనిక ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేసి, 50, 100 క్యాట్ నోట్లు చెల్లవంది. దాంతో అక్కడ మిగిలిన మనవాళ్ళూ వచ్చేశారు; విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు అలాంటివాళ్ళదే. బర్మా నుంచి వచ్చిన నాటి ధ్రువపత్రం ఏదైనా ఇంట్లో ఉంటే లామినేషన్ చేయించకండి. ఆ వేడికి పాత సిరా, కాగితం పాడైతే బాగుచేయడం కుదరదు. ఫొటో తీసుకుని, అసలును మడతల్లేకుండా కాగితపు కవరులో పెట్టండి.

ప్రశ్న: మా తాతగారి అన్నయ్య మిలటరీలో చేరి తిరిగి రాలేదు. కంప్యూటర్లో ఎంత వెతికినా శ్రీకాకుళం జిల్లాలో ఆ పేరు లేదు.
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: అక్కడే పొరపాటు జరుగుతోంది. అప్పటికి శ్రీకాకుళం జిల్లాయే లేదు, అది 1950లో పుట్టింది. విజయనగరం జిల్లా అయితే 1979లో. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు గంజాంలో మనకు మిగిలిన తాలూకాలను విశాఖ జిల్లాలో కలిపారు. కాబట్టి జిల్లా ‘విజగపటం’ అనీ, ఊరు ‘చికాకోల్’ అనీ ఆనాటి ఇంగ్లీషు స్పెల్లింగులతో వెతకాలి.

కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ (యుద్ధంలో పోయిన సైనికుల సమాధులు, స్మారకాలు చూసే సంస్థ) వెబ్‌సైటులో వెతకడం ఉచితం. ఇందులో 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు చనిపోయినవాళ్ళే ఉంటారు, తిరిగొచ్చినవాళ్ళు ఉండరు. ఇంటిపేరుతో మొదలుపెట్టకండి, చాలాచోట్ల అది ఉండనే ఉండదు. అప్పన్న అన్న పేరునే రెండు ‘ఎన్’లతో, ఒక్క ‘ఎన్’తో, చివర ‘ఏ’ లేకుండా కొట్టి చూడండి. చాలా నమోదుల్లో తండ్రి పేరు, ఊరు ఉంటాయి, వాటితో పోల్చుకోవాలి. దహనం చేసినవాళ్ళకు, దేహం దొరకనివాళ్ళకు సమాధి ఉండదు, స్మారకంలో పేరు మాత్రమే ఉంటుంది. రంగూన్ దగ్గరి టాక్యాన్ స్మారకం మీద అలాంటి పేర్లు సుమారు 27 వేలు. కోహిమాలో దహనమైన 917 మంది హిందూ, సిక్కు సైనికులకు వేరే స్మారకం ఉంది.

రెజిమెంటులో ఆయనకిచ్చిన నంబరు దొరికితే సగం పని అయినట్టే. మద్రాస్ రెజిమెంట్ రికార్డులు నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, మద్రాస్ శాపర్లవి (సైన్యంలోని ఇంజనీరింగ్ దళం), పయనీర్ కోర్‌వి (పనుల దళం) బెంగుళూరులో ఉంటాయి. ఉత్తరం రాసే ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి, సరైన చిరునామాకు పంపించేది వాళ్ళే. పెట్టెలో ఆరు కోణాల ‘బర్మా స్టార్’ పతకం ఉందని రాశారు. అది బర్మా యుద్ధరంగంలో పనిచేశారని చెబుతుందే తప్ప ఏ దళమో చెప్పదు.

ప్రశ్న: రేషను కార్డు యుద్ధం వల్ల వచ్చిందా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: చాలావరకు అవును. బర్మా నుంచి ఏటా పది లక్షల టన్నులకు పైగా వచ్చే బియ్యం 1942లో ఆగిపోయింది. దేశం పంటతో పోలిస్తే అది కొంచెమే. కానీ కొనుక్కుతినే ఊళ్ళు దాని మీదే ఆధారపడ్డాయి. రైలు వ్యాగన్లేమో సైన్యానికి పోయాయి. బెంగాల్ కరువు సంగతి తెలిసిందే. అందుకే ఉన్న సరుకును కార్డు మీద కొలిచి ఇవ్వాల్సొచ్చింది. 1939 నాటి భారత రక్షణ నిబంధనల కింద వచ్చిన ధరల అదుపు 1946లో తాత్కాలిక చట్టమైంది, 1955లో నిత్యావసర సరుకుల చట్టంగా స్థిరపడింది. మన దగ్గర ‘తాత్కాలికం’ ఎంత కాలం బతుకుతుందో చూడండి.

ప్రశ్న: అమ్మమ్మ పెట్టెలో రాజుబొమ్మ రూపాయలున్నాయి. 1918 నాటివాటికిచ్చే ధరలో 1944వాటికి ఇంచుమించు సగమే ఇస్తానంటున్నాడు షావుకారు. మోసమా?
– ఒక పాఠకురాలు, రాజాం

జవాబు: పాపం, ఆయన్ని అనుమానించకండి. రెండూ 11.66 గ్రాములే. 1918 నాటి రూపాయిలో వెండి 91.7 శాతం, అంటే 10.69 గ్రాములు. 1940 నుంచి 50 శాతమే, అంటే 5.83 గ్రాములు. యుద్ధ భయంతో జనం వెండి రూపాయలు దాచేస్తుంటే సర్కారు వెండి తగ్గించింది, అదే ఏడాది కాగితపు రూపాయి వేసింది. అదీ చాలక అమెరికా దగ్గర 22 కోట్ల ఔన్సులకు పైగా వెండి అప్పు తెచ్చుకుంది. తీర్చాల్సింది వెండిగానే. 1947 రూపాయిలో వెండి అసలు లేదు, అది నికెల్, అయస్కాంతానికి అంటుకుంటుంది. 1943 చిల్లు కానీ కూడా రాగి పొదుపుకే; రెండు గ్రాములే తూగుతుంది.

ముందు సంవత్సరాల వారీగా వేరుచేసి, 0.1 గ్రాము చూపే తూకంలో తూయండి. అరిగినవి కొద్దిగా తగ్గుతాయి. 1939 రూపాయి అరుదు కాబట్టి నకిలీలు ఎక్కువ. అది దొరికితే నాణేల జ్ఞానం ఉన్నవాళ్ళకి చూపించకుండా వెండి ధరకు ఇవ్వకండి. చింతపండు, ముగ్గుపిండి పెట్టి తోమకండి. గీతలు పడితే నాణెంగా విలువ పోయి, వెండి ధరే మిగులుతుంది.