ఉపమానాలు చదివి సొంతంగా ఆలోచిస్తే విశ్వాసం తగ్గుతుందా?

యేసు చెప్పిన ఉపమానాలను సొంతంగా ఆలోచించడం నేర్పే కథలుగా చదవొచ్చా, అలా చదివితే విశ్వాసం తక్కువని మా సంఘపెద్దలు అంటున్నారు, నిజమేనా అని అడిగారు. తప్పకుండా చదవొచ్చు. అసలు అలా చదవకపోతేనే వాటికి అన్యాయం చేసినట్టని నా నమ్మకం. పర్లాకిమిడిలో ఒక తెలుగు సంఘంలో చాలా ఏళ్లుగా సండేస్కూల్ చెబుతున్నాను, ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

ముందు ఆ కథలు నడిచే తీరు చూడండి. లూకా సువార్త 10వ అధ్యాయంలో ధర్మశాస్త్రం బాగా తెలిసినాయన "నా పొరుగువాడెవడు?" అని అడుగుతాడు. ఫలానావాడు అని యేసు చెప్పలేదు. యెరికోకు దిగే దారిలో దొంగల దెబ్బలు తిని పడివున్న మనిషిని ఇద్దరు చూసి తప్పుకుపోతే, మూడోవాడైన సమరయుడు ఆదుకుని సత్రానికి చేర్చిన కథ చెప్పి, ఆ ముగ్గురిలో ఎవరు అతనికి పొరుగువాడయ్యారో నువ్వే చెప్పమన్నాడు. జవాబు అడిగినవాడి నోటే వచ్చింది. అంతకు సుమారు వెయ్యేళ్ల ముందు నాతాను ప్రవక్త చేసిందీ ఇదే. పేదవాడి గొర్రెపిల్లను లాక్కున్న ధనవంతుడి కథ చెప్పి, దావీదు రాజు మండిపడి తీర్పు ఇచ్చేదాకా ఆగి, అప్పుడు "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. తప్పిపోయిన కుమారుడి కథలోనైతే పెద్దకొడుకు విందుకు లోపలికి వెళ్లాడో లేదో లూకా రాయనే లేదు. లూకా 12లో యేసు జనాన్ని సూటిగానే అడుగుతాడు, ఏది న్యాయమో మీ అంతట మీరే ఎందుకు తేల్చుకోరు అని. ఇంతకన్నా ఏం కావాలి?

అర్థాలను ముందే కట్టి చేతిలో పెట్టడం కూడా పాత అలవాటే. సమరయుడంటే క్రీస్తు, సత్రమంటే సంఘం, సత్రం నడిపేవాడు పౌలు అని పాతకాలపు క్రైస్తవ బోధకుడు అగస్టీన్ చెప్పాడు. అందమైన ఆలోచనే, కాదనను. కానీ అదొక్కటే బట్టీ పట్టిస్తే దారిలో పడివున్న మనిషి మన కళ్లకు ఆనడు. 1945లో ఈజిప్టులో నాగ్ హమ్మాది దగ్గర దొరికిన తోమా సువార్తలోనూ విత్తువాడి ఉపమానం ఉంది. మార్కులో దాని వెంట వచ్చే వివరణ మాత్రం అక్కడ లేదు. కథ చెప్పి ఊరుకుంటుంది. మన సంఘాలు దాన్ని లేఖనంగా ఒప్పుకోవు, నేనూ పిల్లలకు చెప్పను. పెద్దవాళ్లు మాత్రం రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలంటాను.

మా పిల్లల సంగతి చెప్పాలి. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది కదా, మా దగ్గర చాలామంది పిల్లలకు బడిలో ఒడియా, ఇంట్లో, గుడిలో తెలుగు. తెలుగు చదవడం నెమ్మదిగా వస్తుంది. అందుకని పుస్తకం పక్కన పెట్టి కథ నోటితో చెబుతాం. ఒక ఆదివారం మత్తయి 20లోని ద్రాక్షతోట పనివాళ్ల కథ చెప్పాను. పొద్దున వచ్చినవాళ్లకీ, పొద్దుగూకే ముందు ఒక్క గంట పనిచేసినవాళ్లకీ యజమాని ఒకే దేనారం ఇచ్చాడు. ఆ రోజుల్లో అది ఒక రోజు కూలి. దేవుడి కృప గురించి చెబుదామని నోరు తెరిచేలోపు ఒక కుర్రాడు లేచాడు. వాళ్ల నాన్న రోజూ జంక్షన్‌లో కూలికి నిలబడతాడు. "సాయంత్రం దాకా ఎవలూ పిలవకపోతే మా నాన్న తప్పేటి మాస్టారూ? ఇంట్లో బియ్యం ఆ రోజుకీ కావాలి కదా" అన్నాడు. నిజంగానే కథలో ఆ కూలీలు చెప్పిందీ అదే, మమ్మల్ని ఎవరూ పనిలో పెట్టుకోలేదు అని. వెంటనే వెనక నుంచి ఒక అమ్మాయి, "అలాగైతే రేపు పొద్దున్నే పనికి ఎవలెల్తారు?" అంది. తరగతి రెండుగా చీలిపోయింది. ఎండలో పనిచేసినవాళ్ల పక్షాన కొందరు, ఎండలో నిలబడ్డవాళ్ల పక్షాన కొందరు. ఆ పూట నేను ఎవరి వైపూ తీర్పు చెప్పలేదు. కృప గురించి తర్వాతి వారం చెప్పాను, అప్పటికి అది ఎందుకు అంత పెద్ద మాటో వాళ్లకు తెలుసు.

ఒక్క హద్దు మాత్రం ఉంది. సొంతంగా ఆలోచించడమంటే ఇష్టమొచ్చిన అర్థం తగిలించడం కాదు. సువార్తల్లో ఇవి దేవుని రాజ్యం గురించి చెప్పిన కథలు. ఆ సంగతి తీసేసి, నిన్ను నువ్వు నమ్ముకో అన్నంత మాత్రానికి కుదించేస్తే అది మళ్లీ ఇంకొకరు కట్టిచ్చిన అర్థమే. పొరుగువాణ్ణి ప్రేమించమన్న ఆజ్ఞ కూడా లేవీయకాండంలోనిదే, పొరుగువాడెవడని యేసును అడిగినాయనే దాన్ని అప్పజెప్పాడు. ఆయన ఆలోచించింది లేఖనాన్ని పక్కకు నెట్టి కాదు.

పెద్దలతో వాదన పెట్టుకోకండి. వీలైతే వాళ్లను కూడా కూర్చోబెట్టి మత్తయి 20 చదవండి, 15వ వచనం దగ్గర ఆపేయండి. అక్కడ యజమాని ఒక ప్రశ్న అడిగి ఉంటాడు. దానికి ముందు పెద్దల్నే జవాబు చెప్పమనండి, తర్వాత పిల్లల్ని.