పాత వెండి రూపాయి మీద కొట్టిన గుర్తులుంటే విలువ తగ్గుతుందా?

విజయనగరంలో మీ నాయనమ్మ గారి పెట్టెలో దొరికిన 1862 విక్టోరియా రూపాయి మీద చుక్క, నెలవంక లాంటి చిన్న గుర్తులు కొట్టి ఉన్నాయని, అవి లోపమా అని అడిగారు.

చాలావరకు అవి షరాబు గుర్తులై ఉంటాయి. వెండి అసలుదో కాదో, లోపల వేరే లోహం ఉందేమో చూడటానికి డబ్బు మార్చే షరాబులు చిన్న ఉలితో కొట్టేవారు. ఈ రూపాయి తూకం సుమారు 11.66 గ్రాములు, అందులో వెండి దాదాపు 91.7 శాతం. గుర్తు కొట్టినంత మాత్రాన వెండి పోదు కాబట్టి ఆ విలువ అలాగే ఉంటుంది. తగ్గేది సేకర్తలు ఇచ్చే అదనపు ధరే. పైగా 1862 అనే ఏడాదితోనే 1874 వరకూ రూపాయలు ముద్రించారు, కనుక ఇవి బాగా దొరుకుతాయి. శుభ్రమైనది దొరుకుతుంటే గుర్తులున్నదాన్ని ఎవరు ఎక్కువ పెట్టి కొంటారు? రాణి ముఖం మీద పడితే నష్టం ఎక్కువ, అంచున ఉంటే తక్కువ.

మొఘల్ రూపాయల మీద ఇవి మామూలే, అక్కడ ఇంత పట్టించుకోరు. చైనా వర్తకుల ముద్రలున్న అమెరికా ట్రేడ్ డాలర్లనైతే (ఆసియా వర్తకం కోసం ముద్రించిన వెండి నాణేలు) ప్రత్యేకంగా సేకరించేవాళ్లూ ఉన్నారు. క్రీస్తు పూర్వపు విద్ధాంక నాణేలకైతే (వెండి ముక్కల మీద గుర్తులు కొట్టి తయారుచేసినవి) అలా కొట్టిన గుర్తులే అసలు ముద్ర.

దండ కోసం పెట్టిన చిల్లు, అతికిన రింగు మాత్రం షరాబు గుర్తు కన్నా పెద్ద దెబ్బ. దయచేసి చింతపండుతో తోమకండి. గంటస్తంభం దగ్గర వెండి కొట్లో తూకానికి ఇచ్చేసే ముందు ఒక్కసారి నాణేలు తెలిసినవాళ్లకు చూపించండి.