బుజ్జీ, ఎర్త్ చూడకుండా ఆ మెషిన్‌కి ప్లగ్గు పెట్టకు

ఒరే బుజ్జీ,

మెస్సుకని స్క్రాప్ షాపులో పాత అమెరికా డిష్‌వాషర్, అదే అంట్లు తోమే మెషిన్, బేరమాడుతున్నావంట, నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. రాత్రి నిద్ర పట్టలేదు. ఒకపక్క గర్వంగా ఉంది రా, గుణుపురంలో ఇన్ని మెస్సులున్నాయి, అంట్లు తోమే ఆవిడ చేతులు సబ్బుకి పగిలిపోతున్నాయని చూసి దారి వెతికినోడు నాకు తెలిసి నువ్వే. ఇంకోపక్క భయం. సౌదీలో అమెరికా వాళ్ళ కాంపౌండ్లలో మెయింటెనెన్స్ చేసినన్నాళ్ళూ ఇలాంటివి విప్పి బిగించినోణ్ణి, అందుకే ఈ గోల.

మంచి ముందు చెప్తా. కిచెన్‌ఎయిడ్ అని ఒక బ్రాండు, 1986లో దాన్ని వర్ల్‌పూల్ కంపెనీ కొనక ముందు హోబార్ట్ అనే కంపెనీ వాళ్ళు చేసిన మెషిన్లు గట్టి సరుకు. స్టీలు మీద పింగాణీ పూత, బరువైన మోటారు, చేత్తో తిప్పే టైమరు, కాలిపోడానికి ఎలక్ట్రానిక్ బోర్డే ఉండదు. 30 ఏళ్ళు దాటినవి నడవడం నా కళ్ళతో చూశాను. కాకపోతే పింగాణీ పెచ్చు లేచిన చోట తుప్పు మొదలైతే ఆగదు, టార్చి వేసి అడుగంతా చూడు. ర్యాకు తీగల మీద పూత చిట్లిందేమో కూడా చూడు.

అసలు తంటా కరెంటుతో. అది 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌ది, మనది 230, 50. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టులు తగ్గుతాయి గానీ హెర్ట్జ్, అంటే కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతదో ఆ లెక్క, మారదు. టైమరు గంట పని గంటా పన్నెండు నిమిషాలు చేస్తది, పంపు నెమ్మదిగా తిరుగుతది, నీళ్ళ జోరు తగ్గి సాంబారు జిడ్డు వదలదు, మోటారు మామూలు కన్నా వేడెక్కుతది. పైగా అవి గీజరు నుంచి వేడినీళ్ళు వస్తాయని తయారుచేసినవి, మన చల్లటి బోరునీళ్ళు పోస్తే ఏం తోముతాయి?

ఇప్పుడు నా భయం చెప్తా, ఇది నిదానంగా చదువు. నాతో దమ్మాంలో పనిచేసిన ఇచ్ఛాపురం వైపు అతను, వెళ్ళిపోతున్న ఒక ఫ్యామిలీ దగ్గర ఇలాంటిదే కొని సామాన్లతో ఇంటికి పంపించుకున్నాడు. ఏ కంపెనీదో ఎందుకులే. ఇంట్లో రెండు పిన్నుల సాకెట్టే ఉంది, వైరింగ్ చేసిన కుర్రాడు మూడో వైరు, అదే ఎర్త్ వైరు, దేనికని కత్తిరించేశాడు, ఇతను పక్కనే ఉండి కూడా ఊరుకున్నాడు, అన్నీ తెలిసినోడు! ఆ మెషిన్లలో పంపు సీలు, అంటే నీళ్ళు కారకుండా ఆపే రబ్బరు, సరిగ్గా మోటారు పైనే ఉంటది, అదే వాటి పెద్ద లోపం. నెలల తరబడి వాడకపోతే రబ్బరు ఎండి చిట్లుతది, నీళ్ళు చుక్క చుక్కగా మోటారు మీదే పడతాయి. బాడీ మొత్తం ఇనుము కదా, కరెంటు మెషిన్ ఒళ్ళంతా పాకేసింది. వాళ్ళావిడ తడి గచ్చు మీద చెప్పుల్లేకుండా నిలబడి తలుపు తీసింది. విసిరికొట్టింది రా. తోమే రాయి మీద పడి మణికట్టు విరిగింది, ప్రాణం దక్కింది, అదే పదివేలు. ఆ చెయ్యి మళ్ళీ పూర్తిగా మడత పడలేదు, వాళ్ళింటికెళ్తే ఎడంచేత్తోనే టీ ఇచ్చేది, నేను ఆవిడ మొహంలోకి చూడలేకపోయేవాణ్ణి.

పేరున్న కంపెనీ అయితే భయం లేదనుకోకు. జీఈ అనే అమెరికా కంపెనీ 1983-89 మధ్య చేసిన మెషిన్లలో ఆరబెట్టే స్విచ్చి కరిగి నిప్పంటుకుంటుందని 1999లో అమెరికాలో 31 లక్షల మెషిన్లకి రీకాల్ పెట్టారు, అంటే వాడొద్దని వెనక్కి పిలిచారు. అలాంటిది దొరికితే ఉచితంగా ఇచ్చినా తేవద్దు.

నీ మెస్సులో తోమేది ఆ అమ్మ, తడి కాళ్ళతోనే నిలబడతది, ఆవిడకి ఇవన్నీ ఎలా తెలుస్తాయి రా? కొత్త సీలు దొరకలేదంటే బేరం వదిలెయ్. ఎర్త్ గొయ్యి తవ్వించు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ స్విచ్చి పెట్టించు, సేటు ఎంత తొందరపెట్టినా అంతవరకూ మెషిన్ స్విచ్చి వెయ్యొద్దు. అరవై మంది పిల్లల కంచాలకి ఇంట్లో వాడే మెషిన్ ఎలాగూ చాలదు, గ్లాసులకీ గిన్నెలకీ అయితే సరే.

డబ్బులు ఇంకా ఇవ్వకు. ఆదివారం పర్లాకిమిడిలో పొద్దున ట్రైనెక్కి వస్తా, కరెంటు లీకవుతుందేమో చూసే నా మెగ్గర్ మీటరు తెస్తా, ఇద్దరం కలిసి షాపుకెళ్దాం. మెషిన్ వెనక రేకు మీద రాసున్న నంబర్లన్నీ ఫోటో తీసి ఈ రాత్రికే పంపు. అన్నం వేళకి తింటున్నావా లేదా, మీ అమ్మ చిక్కిపోయావంటోంది.

మీ మావయ్య